మసూర్ ఊరు మైసూరు కాదు

కిరాణా కొట్టుకు వెళ్లి ‘మైసూరు పప్పు’ అంటే కొట్టువాడు మారు మాట్లాడకుండా నారింజ రంగు పప్పు తూచి ఇస్తాడు. కొన్ని ఊళ్లలో దీన్నే ఎర్రపప్పు అంటారు, ఇంకొన్ని చోట్ల ఎర్ర కందిపప్పు అంటారు. కందికీ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. మైసూరుతో అసలే లేదు. ఇది చలికాలపు పంట. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్ పొలాల్లో పండుతుంది. ఉత్తరాది నుంచి బస్తాల్లో దిగిన ‘మసూర్’కు దక్షిణాది నోళ్లు తమకు తెలిసిన ఊరి పేరు తొడిగాయని చెప్పుకోవడమే సబబు. తమిళులు కూడా దీన్ని మైసూర్ పరుప్పు అనే అంటారు. అర్థం తెలియని మాట చెవిన పడితే తెలిసిన మాటలోకి దాన్ని ఒదిగించుకోవడం జనానికి ఎప్పటి నుంచో ఉన్న అలవాటు.

ఇక్కడే ఇంకో తికమక కూడా తీర్చేసుకోవాలి. మన సాంబమసూరి బియ్యానికీ ఈ మసూర్‌కూ ఏ సంబంధమూ లేదు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204 వరికి ఆ పేరు మలేషియాలో పుట్టిన ‘మహ్సూరి’ అనే వరి రకం వల్ల వచ్చింది. చెవికి ఒకేలా వినిపించే మాటలన్నీ చుట్టాలు కావు.

మసూర్ అన్న మాట తన సొంత ఇంట్లో ఎలా ఉంటుందో చూడాలంటే బెంగాల్ వెళ్లాలి. కోల్‌కతాలో అయినా ఢాకాలో అయినా మధ్యాహ్నం అన్నంలోకి ఎక్కువ ఇళ్లలో కాచేది ఈ పప్పే. నానబెట్టక్కర్లేదు, త్వరగా ఉడుకుతుంది, ఉడికేసరికి ఎరుపు పోయి పసుపు రంగుకు తిరుగుతుంది. మన ముద్దపప్పులా గట్టిగా కాకుండా జారుగా ఉంచి, నల్ల జీలకర్ర గింజలో, పంచ్‌ఫోడొన్ అనే అయిదు దినుసుల కలయికో వేసి, ఎండుమిరపో పచ్చిమిరపో తుంచి పోపు పెడతారు. ఆ పోపును బెంగాలీలో ‘ఫోడొన్’ అంటారు. సంస్కృతంలోని స్ఫోటనం, అంటే చిట్లడం, అరిగి అలా అయింది. ఆవాలు చిటపటమన్న చప్పుడు ఆ మాటలోనే ఉంది.

పప్పు పేరును బెంగాలీ లిపిలో రాసేటప్పుడు మ, సు, ర అనే మూడక్షరాలే. చదివేటప్పుడు మాత్రం అది ‘మొశుర్’ అవుతుంది. కొందరి నోట ‘ముశుర్’, ఇంకొందరి నోట ‘ముశురి’. సంస్కృతంలో ఇదే ‘మసూర’. రాతకూ పలుకుకూ మధ్య ఇంత ఎడం ఎందుకు వచ్చిందన్నదే ఈ మాట చరిత్రలో రుచికరమైన భాగం.

మొదట స కారం సంగతి. బెంగాలీ వర్ణమాలలో శ, ష, స మూడూ ఉన్నాయి. కానీ మామూలుగా మూడింటినీ ‘శ’లాగానే పలుకుతారు. పక్కనే ఉన్న అస్సామీలో పరిస్థితి మరీ చిత్రం. అక్కడ స రాస్తే గొంతులోంచి వచ్చే ‘ఖ్హ’ లాంటి ధ్వని పలుకుతుంది. ఆ ఇబ్బంది లేకుండా ఈ పప్పు పేరును వాళ్లు చ అక్షరంతో రాసి స అని చదువుతారు. ఒకే గింజ, ఇరుగుపొరుగు రాష్ట్రాలు, దాదాపు ఒకే లిపి, అయినా వేర్వేరు అక్షరాలు.

ఇక అచ్చుల సంగతి. బెంగాలీలో హల్లులో దాగిన ‘అ’ను పెదవులు గుండ్రంగా చేసి ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు. తర్వాతి అక్షరంలో ఇ గానీ ఉ గానీ ఉంటే ఆ పలుకు ఇంకా పైకి జరిగి నిఖార్సైన ‘ఒ’ అయిపోతుంది. మధు అన్నది మోధు అవుతుంది. దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ నేతాజీ ఇంటిపేరు. అసలు మాట ‘వసు’. బెంగాలీలో వ లేదు కాబట్టి ‘బసు’. పక్కన ఉ ఉంది కాబట్టి పలుకులో ‘బోశు’. దాన్ని ఇంగ్లీషువాళ్లు తమ తీరున రాసుకుంటే ‘బోస్’. జ్యోతి బసు ఇంటిపేరూ, సుభాస్ చంద్ర బోస్ ఇంటిపేరూ ఒకటే. వసు బోశు అయిన దారిలోనే మసూర మొశుర్ అయింది.

దారి అక్కడితో ఆగలేదు. ‘శు’లోని ఉకారం వెనక్కి లాగుతూనే ఉంటే ‘మొ’ కూడా ‘ము’ అయిపోయింది. అలా ముశుర్ పుట్టింది. ఒక అచ్చు పక్కనున్న అచ్చును తనలా మార్చుకోవడాన్ని బెంగాలీ వ్యాకరణంలో ‘స్వరసంగతి’ అంటారు. ఆ పేరు పెట్టింది సునీతి కుమార్ చటర్జీ. బెంగాలీ భాష పుట్టుక, పెరుగుదల మీద 1926లో కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చువేసిన ఆయన రెండు సంపుటాల ఇంగ్లీషు గ్రంథం భారతీయ భాషాశాస్త్రంలో ఇప్పటికీ పెద్ద మెట్టు. స్వరసంగతి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కత్తికి బహువచనం చెప్పమంటే ఏ పిల్లవాడూ ‘కత్తిలు’ అనడు, ‘కత్తులు’ అంటాడు. పులి పులులు అవుతుంది. ‘లు’లోని ఉకారం వెనకనున్న ఇకారాన్ని తనలోకి లాగేసుకుంటుంది. బడికి వెళ్లకముందే పిల్లలకు వచ్చేసే వ్యాకరణం ఇది.

సంస్కృతంలోకి మసూర ఎక్కడి నుంచి వచ్చింది? అది సంస్కృతంలో పుట్టిన మాటలా కనిపించదనీ, ఇక్కడి ఏదో పాత భాష నుంచో పడమటి దారుల నుంచో అరువు తెచ్చుకున్నదనీ పండితులు చాలామంది అంటారు. గింజ చరిత్ర కూడా ఆ మాటకు బలమిస్తుంది. మనిషి మొట్టమొదట సాగుచేసిన పంటల్లో ఇదొకటి. దాదాపు పదివేల ఏళ్ల కిందట పశ్చిమాసియాలో గోధుమ, బార్లీలతోపాటు దీన్నీ పండించడం మొదలుపెట్టారు. ఇజ్రాయెల్‌లోని యిఫ్తాహెల్ అనే నవీన శిలాయుగపు ఊరి తవ్వకాల్లో ఒకేచోట లక్షల మసూర గింజలు బయటపడ్డాయి. ఆ తర్వాత వేల ఏళ్లకు హరప్పా నాగరికత స్థలాల్లోనూ ఇది కనిపిస్తుంది.

వేదకాలానికి అది ఇంటి పంటే అయిపోయింది. శివాలయంలో అభిషేకం వేళ చమకం విన్నవాళ్ల చెవిన ఈ మాట పడే ఉంటుంది. వడ్లు, యవలు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు నాకు కావాలని కోరుకునే అనువాకంలో మసూర కూడా ఉంది. తెలుగునాట ఎక్కువగా వినిపించే తైత్తిరీయ పాఠంలో హ్రస్వంతో ‘మసుర’, వాజసనేయి పాఠంలో దీర్ఘంతో ‘మసూర’. బృహదారణ్యక ఉపనిషత్తు పది గ్రామ్య ధాన్యాలను లెక్కపెట్టిన చోట కూడా దీనికి స్థానం దొరికింది. అమరకోశం దీనికి ‘మంగల్యకం’ అని ఇంకో పేరు చెప్పింది. ఈ పేరును గుర్తుపెట్టుకోవాలి, ముందు పనిపడుతుంది.

మసూర గింజ గుండ్రంగా, బల్లపరుపుగా, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఈ ఆకారం ఎన్ని పేర్లకు కారణమైందో చూస్తే ముచ్చటేస్తుంది. లాటిన్‌లో ఈ గింజ పేరు ‘లెన్స్’. రెండువైపులా ఉబ్బిన గాజుబిళ్లను చూసినవాళ్లు దానికి గింజ పేరే పెట్టారు. కళ్లద్దాల కొట్లో మనం వాడే లెన్స్ అన్న మాట అలా వచ్చిందే. శాస్త్రజ్ఞులు ఈ మొక్కకు పెట్టిన పేరు లెన్స్ కులినారిస్, అంటే వంటింటి లెన్స్ అన్నమాట. సంస్కృతంలో ‘మసూరకం’ అంటే గుండ్రని దిండు. ఒంటి మీద ఇవే గింజలు పరిచినట్టు పొక్కులు లేచే జబ్బుకు ఆయుర్వేదం ‘మసూరిక’ అని పేరు పెట్టింది. చరకుడూ సుశ్రుతుడూ దాన్ని క్లుప్తంగా చెప్పి వదిలేస్తే మాధవనిదానం వివరంగా వర్ణించింది. ఆ మాట నలిగి తెలుగులో మశూచి అయింది. అంటే ఈ పప్పు పేరు తెలుగువాళ్లకు వంటింటి దారిలో కాకుండా జబ్బు దారిలో ముందే తెలుసు.

బెంగాలీలు మాత్రం ఆ జబ్బుకు పప్పు పేరు ఉంచుకోలేదు. వసంతకాలంలో ముదిరే రోగం కాబట్టి దాన్ని వసంతం అన్నారు, వాళ్ల పలుకులో బొశొంతో. మశూచిలో ప్రాణాంతకమైన పెద్దరకం ప్రపంచంలో చివరిసారి సహజంగా సోకింది కూడా బెంగాలీ మాట్లాడే నేల మీదే. 1975 అక్టోబరులో బంగ్లాదేశ్‌లోని భోలా ద్వీపంలో ఒక రెండేళ్ల పాపకు వచ్చింది, ఆ పాప బతికింది.

ఇప్పుడు ‘మొశుర్ డాల్’ అనే పేరులో రెండో సగానికి వద్దాం. బెంగాలీలో పప్పును ‘డాల్’ అంటారు. హిందీవాళ్లు ‘దాల్’ అంటారు. తేడా నాలుక కొసలో ఉంది. హిందీ ద పళ్ల వెనక పుడుతుంది, బెంగాలీ డ అంగిలి దగ్గర పుడుతుంది. మొదట్లో ద ఉన్న కొన్ని మాటల్ని బెంగాలీ ఇలా మడతేసి డ చేసుకుంది. ‘దక్షిణం’ అన్న మాట నుంచి వచ్చిన కుడివైపు ‘డాన్’, మనం దానిమ్మ చేసుకున్న దాడిమం అక్కడ ‘డాలిమ్’.

మూలం మాత్రం ఒకటే. చీలడం, విచ్చుకోవడం అనే అర్థమున్న ‘దల్’ ధాతువు. దళం అన్నా అదే. మారేడు దళం, తులసీ దళం, బళ్లో చదువుకున్న ద్విదళ బీజాలు, అన్నీ ఆ కుదురువే. అంటే డాల్ అనే మాటకు అసలర్థం గింజ కాదు, రెండుగా చీలిన గింజ. తెలుగు కూడా ఈ పని విడిగా చేసుకుంది. శనగల్ని విసిరితే వచ్చేవి శనగబద్దలు. చీలిన ముక్క బద్ద, పగిలిపోవడం బద్దలవడం. వేరు మాటే, చూపు మాత్రం ఒకటే.

ఈ డాల్‌కు కొసన ఒకప్పుడు ఇకారం ఉండేది. శ్రీకాకుళం జిల్లా దాటి ఒడిశాలో అడుగుపెడితే ఇప్పటికీ ‘డాలి’ అనే వినిపిస్తుంది. ఒడియా భాష మాట చివరి అచ్చును వదలదు. తూర్పు బెంగాల్లో, అంటే నేటి బంగ్లాదేశ్ పల్లెల్లో, ఆ ఇకారం కొస నుంచి నడుముకు దూకి ‘డాఇల్’ అయింది. అస్సామీలోనూ ‘దాఇల్’. కోల్‌కతా ప్రామాణిక భాషలో నడుమన కూడా నిలవకుండా కరిగిపోయి డాల్ మిగిలింది. ఒక్క మాటకే కాదు, వరస మొత్తానికీ ఇదే జరిగింది. నాలుగుకు పాత రూపం చారి, తూర్పున చాఇర్, కోల్‌కతాలో చార్. ‘ఈరోజు’కు అదే వరసలో ఆజి, ఆఇజ్, ఆజ్. ఇలా ముందుకు దూకడాన్ని ‘అపినిహితి’ అంటారు. ఒడిశా తీరం నుంచి ఢాకా వరకు రైలు ప్రయాణంలో పప్పు పేరు వింటూ పోతే మూడు వేర్వేరు కాలాల భాష విన్నట్టుంటుంది. ఢాకా కుర్రకారు నోట డాఇల్‌కు ఇంకో అర్థం కూడా ఉంది. మత్తు కోసం దొంగచాటుగా తాగే ఒక దగ్గుమందుకు అది మారుపేరు. మందు పేరు చివరి అక్షరాలు పప్పు పేరులా వినిపించడమే కారణం.

హిందీలో చెట్టుకొమ్మ ‘డాల్’, పప్పు ‘దాల్’. రెండూ కలిసే ప్రమాదం లేదు. బెంగాలీలో ద కూడా డ అయ్యేసరికి కొమ్మా పప్పూ ఒకే మాటలో కాపురం పెట్టాయి. గాఛేర్ డాల్ అంటే చెట్టు కొమ్మ, ముగేర్ డాల్ అంటే పెసరపప్పు. ‘డాలే నున్’ అంటే పప్పులో ఉప్పు, ‘డాలే పాఖి’ అంటే కొమ్మ మీద పిట్ట. తెలుగు ‘లో’ చేసే పనీ ‘మీద’ చేసే పనీ బెంగాలీ ఏకారం ఒక్కటే చేసేస్తుంది. ‘డాల్‌టా పుడే గేలో’ అంటే పప్పు మాడిపోయింది. ‘డాల్‌టా భేంగే గేలో’ అంటే కొమ్మ విరిగిపోయింది. క్రియ వచ్చేదాకా ఆగితే సరి, తేలిపోతుంది.

ఆ ‘టా’ దగ్గర కాసేపు ఆగాలి. బెంగాలీలో నామవాచకానికి లింగం లేదు. హిందీలో దాల్ స్త్రీలింగం కాబట్టి క్రియ కూడా దానికి తగ్గట్టు మారాలి. హిందీ నేర్చుకునే తెలుగువాళ్లందరి తలనొప్పి అది. బెంగాలీలో ఆ బాధ లేదు. పప్పు ఉడికినా పెళ్లికూతురు నవ్వినా పెళ్లికొడుకు నవ్వినా క్రియ ఒకటే. లింగం బదులు బెంగాలీకి ఇంకో పట్టింపు ఉంది. లెక్కపెట్టినా, ‘ఆ’ అని గుర్తుచేసినా మాట వెనక ఒక చిన్న తోక ఉండాలి. వస్తువైతే టా, కాస్త ముద్దుగా చెబితే టి, చాలా ఉంటే గులో, మనుషులైతే జొన్. మనం మనుషుల దగ్గర మాత్రమే ముగ్గురు, పదిమంది అని లెక్క మారుస్తాం. వాళ్లు పుస్తకాన్నీ ఇంటినీ కొమ్మనూ కూడా తోక లేకుండా లెక్కపెట్టరు.

పప్పు లెక్కకు అందేది కాదు. అందుకే ‘ఏక్‌టా డాల్’ అంటే వినేవాడికి ముందు కొమ్మే తోస్తుంది. తినే పప్పును గిన్నెతోనో గరిటెతోనో కొలవాలి. ఏక్ బాటి డాల్, ఏక్ హాతా డాల్. ఇలా కొలిచేవాటి కోసం బెంగాలీ ఒక అందమైన తోకను దాచుకుంది. అది ‘టుకు’. కంచంలో కాస్త పప్పు మిగిల్చి లేవబోతున్న పిల్లవాడితో తల్లి ‘డాల్‌టుకు ఖేయే నావ్’ అంటుంది. ఆ కాస్త పప్పూ తినేసేయ్ నాన్నా అన్నట్టు. టా పెడితే పప్పు, టుకు పెడితే కొంచెమే ఉన్న పప్పు, దాని మీద కాస్త మమకారం కూడా. ఒక ప్రత్యయంలో ఇంత పని చేయించుకున్న భాషను మెచ్చుకోకుండా ఉండలేం.

షష్ఠీ విభక్తి చూడబోతే అదో సరదా. మాట హల్లుతో ముగిస్తే ఏర్, అచ్చుతో ముగిస్తే ఉత్త ర్. ముగ్ కాబట్టి ముగేర్ డాల్. ఛోలా కాబట్టి ఛోలార్ డాల్, అదే పండగ పూట పూరీల్లోకి కొబ్బరి ముక్కలు వేసి చేసే శనగపప్పు. కొలాయ్ కాబట్టి కొలాయేర్ డాల్, అంటే మినపపప్పు. మసూర్ మాత్రం విభక్తి లేకుండానే ఎక్కువగా మొశుర్ డాల్ అని నడిచిపోతుంది, ఎవరైనా ముశురిర్ డాల్ అన్నా తప్పు లేదు. ఎప్పుడు ర్ పెట్టాలో ఎప్పుడు మానాలో సూత్రం అడిగితే బెంగాలీవాళ్లు కూడా తడుముకుంటారు. మనల్ని మాత్రం ఎవరైనా పెసలు పెసరపప్పు ఎందుకయ్యాయి, మినుములు మినపపప్పు ఎందుకయ్యాయి అని అడిగితే ఠక్కున చెప్పగలమా? వాడుక అలా పడింది, అంతే.

ద్వితీయకు బెంగాలీలో ‘కే’ ఉంది, కానీ ప్రాణం లేని వస్తువుకు దాన్ని సాధారణంగా తగిలించరు. నేను పప్పు తింటాను అనడానికి ‘ఆమి డాల్ ఖాయ్’ చాలు, డాల్‌కే అక్కర్లేదు. మనమూ ‘పప్పును తిన్నాను’ అనం కదా, పప్పు తిన్నాను అంటాం.

జంటపదాల్లో కూడా రెండు భాషలూ పక్కపక్కనే నిలబడతాయి. మనం పప్పూ గిప్పూ అంటే వాళ్లు డాల్-టాల్ అంటారు. అన్నం గిన్నం అక్కడ భాత్-టాత్. మనం గి పెట్టిన చోట వాళ్లు ట పెడతారు. టీ దగ్గర ఇది వేళాకోళంగా మారుతుంది. ‘చా-టా’ అంటే టీ, దానితోపాటు బిస్కట్టో సమోసానో. చా వెనక టా తోకగా వస్తే ‘ఆ టీ’. ఉత్తరాది భాషల కుటుంబం వేరు, మన ద్రావిడ కుటుంబం వేరు. అయినా వందల ఏళ్ల పొరుగు కాపురంలో ఇలాంటి పోకడలు ఇచ్చిపుచ్చుకున్నాయి. 1956లో అమెరికన్ పండితుడు ఎమెనో భారతదేశం మొత్తాన్నీ ఒకే ‘భాషా ప్రాంతం’గా చూడాలని వాదించింది ఇలాంటి పోలికలు చూసే.

ఇంత వ్యాకరణం పోగేసుకున్న ఈ పప్పు బెంగాల్‌కు ఆది నుంచీ ఉన్నది కాదు. ‘బాంగాలీర్ ఇతిహాస్’ పేరుతో 1949లో వచ్చిన పెద్ద గ్రంథంలో నీహార్ రంజన్ రాయ్, ప్రాచీన బెంగాలీల తిండి వర్ణనల్లో పప్పు ప్రస్తావన కనిపించదని రాశారు. అన్నం ఉంది, చేప ఉంది, ఆకుకూరలు ఉన్నాయి, పప్పు మాత్రం లేదు. నీళ్లు నిలిచే నేలలో పప్పుధాన్యాలు బాగా రావు. చెరువు నిండా చేపలున్నవాడు పప్పు కోసం వెతుక్కోడు కూడా. మంగళకావ్యాలనే 16వ శతాబ్దపు బెంగాలీ దేవతా కథాకావ్యాల్లోని వంటల వర్ణనలకు వచ్చేసరికి పప్పులు దర్జాగా కంచంలో ఉంటాయి.

కంచంలోకి వచ్చాక మసూర్‌కు ఒక వింత మచ్చ పడింది. బెంగాలీ హిందూ ఆచారంలో ఉల్లి, వెల్లుల్లితోపాటు మసూర్ పప్పు కూడా ‘ఆమిషం’ లెక్కలోకి వెళ్లింది. అంటే నీచు. వేడి చేస్తుంది, కోరికలు రేపుతుంది అని కారణం చెప్పారు. ఫలితంగా అగ్రకులాల వితంతువులకు చేపా మాంసం ఎలా నిషిద్ధమో ఈ పప్పూ అలాగే నిషిద్ధం అయింది. పెసర, శనగ తినొచ్చు, మసూర్ ముట్టకూడదు. ఇంటిల్లిపాదికీ రోజూ కాచే పప్పును, పొయ్యి దగ్గర నిలబడి వండగలిగిన మనిషి నోట పెట్టుకోకూడదు. అమరకోశం మంగల్యకం అన్న గింజను మంగళం పోయిందని లోకం అన్న ఆడవాళ్లకు కాకుండా చేశారు. వైద్యం పేరు చెప్పి పెట్టిన ఈ నియమం ఆడవాళ్ల కంచాన్ని కాపలా కాయడానికే తప్ప ఆరోగ్యానికి కాదన్నది ఈనాడు ఎవరూ కాదనలేని మాట. విద్యాసాగర్ పోరాటంతో వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. కంచంలోని ఈ ఆంక్ష మాత్రం కొన్ని ఇళ్లలో 20వ శతాబ్దమంతా నిలిచింది.

బెంగాలీలో ‘డాల్-భాత్’ అంటే పప్పన్నం. మాట విడదీస్తే రెండూ ఒకటే, వాడుకలో మాత్రం ఉత్తరదక్షిణాలు. తెలుగునాట ‘పప్పన్నం ఎప్పుడు పెడతావు?’ అంటే పెళ్లెప్పుడని. బెంగాల్లో డాల్-భాత్ అంటే రోజువారీ తిండి, సాదాసీదా బతుకు. ‘అది నాకు డాల్-భాత్’ అంటే చాలా తేలిక అని. ఏదో పూటకు రెండు మెతుకులు అనే అర్థంలోనే బంగ్లాదేశ్‌లో 2007లో ధరలు మండిపోయినప్పుడు, సరిహద్దు దళమైన బీడీఆర్ జవాన్లతో సరుకుల కొట్లు నడిపించిన కార్యక్రమానికి ‘ఆపరేషన్ డాల్-భాత్’ అని పేరు పెట్టారు. కథ అక్కడితో ముగియలేదు. 2009 ఫిబ్రవరి 25, 26 తేదీల్లో ఢాకాలోని పీల్ఖానాలో ఆ దళం తిరుగుబాటు చేసి 57 మంది సైనికాధికారులతో సహా 74 మంది చనిపోయినప్పుడు, సిపాయిల ఫిర్యాదుల్లో ఆ డాల్-భాత్ డబ్బు లెక్కలు కూడా ఉన్నాయి.

మళ్లీ పొలానికి వద్దాం. పశ్చిమ బెంగాల్‌లోని నదియా, ముర్షిదాబాద్ జిల్లాల్లో ఇప్పటికీ మసూర్ వేస్తారు. చిన్న గింజ దేశీ రకానికి రుచి ఎక్కువని బెంగాలీ ఇల్లాళ్లు ఏరి కొంటారు. కానీ ఆ పంట చాలదు. భారత్, బంగ్లాదేశ్ రెండూ కెనడా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ ఓడల మీద దీన్ని తెప్పించుకుంటున్నాయి. కెనడాలో దీని సాగుకు కేంద్రం సస్కాచెవాన్ రాష్ట్రం.

ఎప్పుడైనా బెంగాలీ మిత్రుల ఇంట భోజనానికి కూర్చుంటే ముందు చేదు కూర శుక్తో వస్తుంది, తర్వాతే వేపుడుతో కలిపి పప్పు. ఇంకొంచెం కావాలనిపిస్తే అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మిత్రుడి అమ్మగారిని మాశీమా అని పిలవండి, పెద్దవాళ్లు కాబట్టి క్రియకు మర్యాద రూపం వాడండి: ‘మాశీమా, ఆరేక్‌టు డాల్ దిన్.’ వయసులో సమానమైన పరిచయస్తుడైతే దిన్ బదులు ‘దావ్’, ప్రాణస్నేహితుడైతే ‘దే’. ఈ మూడింట్లో పొరపాటు పడకండి, మిగతా వ్యాకరణం తప్పినా పప్పు వడ్డిస్తారు.